మొదటిసారి కోడ్ రాసేవాళ్ళ కోసం హింట్లు ఎలా రాయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రోగ్రామింగ్ ఎక్సర్‌సైజులు తయారుచేసేవాళ్ళు ప్రశ్న మీద, టెస్ట్ కేసుల మీద బోలెడు టైం పెడతారు, హింట్లు మాత్రం చివర్లో గబగబా రాసేస్తారు. కానీ ఎలా ముందుకెళ్ళాలో తెలియక ఆగిపోయిన మనిషి చదివేది ఆ హింట్లనే. నేను హింట్లు రాస్తూ, వేరేవాళ్ళు రాసినవి దిద్దుతూ ఉంటాను కాబట్టి, నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలన్నిటికీ ఇక్కడ ఒకచోట జవాబులు రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా పైథాన్‌వే, కానీ విషయం ఏ భాషకైనా ఒకటే.

హింట్లన్నీ ఒకే తీరుగా ఉండాలంటారు. అంటే అన్నీ ఒకే రకం వాక్యంతో మొదలవ్వాలా?

అక్కర్లేదు. వాక్యాలు ఎలాగైనా ఉండొచ్చు, ఒకే తీరుగా ఉండాల్సింది సాయం మోతాదు.

మూడో ఎక్సర్‌సైజులో మొదటి హింట్ నొక్కితే ఒక చిన్న ప్రశ్న కనిపించింది, పదో ఎక్సర్‌సైజులో మొదటి హింట్ నొక్కితే ఏకంగా మూడు లైన్ల కోడ్ బయటపడింది అనుకోండి. పదకొండో దానికి వచ్చేసరికి ఆ నేర్చుకునే అమ్మాయికి ఆ బటన్ మీద నమ్మకం ఉండదు. కొంతమంది "నొక్కితే జవాబు కనిపించేస్తుందేమో, నేనే చేయాలనుకున్నాను కదా" అని భయపడి గంటసేపు అలాగే కూర్చుండిపోతారు, ఇంకొంతమంది "ఎలాగూ కోడ్ ఇచ్చేస్తారుగా" అని ప్రశ్న పూర్తిగా చదవకుండానే నొక్కేస్తారు. ఇద్దరికీ నష్టమే, ఇద్దరి నష్టానికీ కారణం మనమే.

నా దృష్టిలో హింట్ పెట్టడమంటే మాట ఇవ్వడం. "మొదటిది నొక్కితే ఇంతవరకే చెబుతాను, రెండోది నొక్కితే ఇంకాస్త చెబుతాను" అని నేర్చుకునేవాళ్ళకి మనం మాట ఇస్తున్నాం, ఆ మాట మొదటి ఎక్సర్‌సైజు నుంచి ఆఖరిదాకా నిలబడాలి. కింద నేను చెప్పేవన్నీ ఆ మాట నిలబెట్టుకోవడానికే.

ఒక్కో ఎక్సర్‌సైజుకి ఎన్ని హింట్లు పెట్టాలి?

నేను మూడు పెడతాను. మొదటిది ఎక్కడ చూడాలో చెబుతుంది. రెండోది అక్కడ పనికొచ్చే విషయాన్ని గుర్తుచేస్తుంది. మూడోది ఏం చేయాలో మామూలు మాటల్లో, అడుగులవారీగా చెప్పేస్తుంది. జవాబు కోడ్ ఈ మూడింట్లోనూ ఉండదు, దానికి వేరే బటన్ ఉండాలి, ఆ బటన్ మీద "జవాబు" అనే రాసి ఉండాలి.

ఇలా మెట్లుమెట్లుగా సాయం చేయడం కొత్తేమీ కాదు. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే ముగ్గురు, నేర్చుకునేవాళ్ళకి పెద్దవాళ్ళు అందించే సాయాన్ని భవనం కట్టేటప్పుడు వేసే పరంజాతో పోల్చారు, గోడ లేచాక పరంజా తీసేస్తాం కదా, అలాగ. 1980లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జాన్ ఆండర్సన్ బృందం లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పడానికి ఒక ట్యూటర్ ప్రోగ్రాం తయారుచేసింది. ఆ దారిలో తర్వాత వచ్చిన ట్యూటర్లలో హింట్లు వరసగా ఉంటాయి, ముందుకెళ్ళేకొద్దీ వివరం పెరుగుతుంది, ఆఖరిది దాదాపు జవాబే.

మూడే ఎందుకంటే, రెండైతే మొదటిదానికీ రెండోదానికీ మధ్య దూకాల్సిన దూరం ఎక్కువైపోతుంది. అయిదైతే రాసేవాళ్ళకే ఏది ఎంతవరకు చెప్పాలో గుర్తుండదు. మీరు నాలుగు పెట్టుకున్నా తప్పులేదు, కానీ ఎన్ని పెట్టినా అన్ని ఎక్సర్‌సైజుల్లోనూ అదే లెక్క ఉండాలి.

ఒక ఎక్సర్‌సైజు తీసుకుని మూడు హింట్లూ రాసి చూపిస్తారా?

"ఇచ్చిన లిస్టులో అన్నిటికన్నా పెద్ద సంఖ్య ఏదో చెప్పే ఫంక్షన్ రాయండి." అందరికీ తెలిసిన ఎక్సర్‌సైజే. చాలామంది "పెద్దది" అని ఒక వేరియబుల్ పెట్టుకుని, అందులో 0 వేసి, లూప్‌లో ఒక్కో సంఖ్యనీ దానితో పోలుస్తూ వెళ్తారు. [4, 9, 2] ఇస్తే 9 వస్తుంది, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. [-8, -3, -11] ఇస్తే 0 వస్తుంది. రావాల్సింది -3.

నా దగ్గరికి దిద్దడానికి వచ్చిన ఒక సెట్‌లో దీనికి మొదటి హింట్ "లూప్ వాడండి" అని ఉంది. రెండోది "పెద్దది = సంఖ్యలు[0]" అనే కోడ్ లైను. మూడోది "నెగెటివ్ సంఖ్యల గురించి కూడా ఆలోచించండి". చూడండి, మొదటిదాంట్లో వాళ్ళకి తెలియనిది ఏమీ లేదు, లూప్ వాళ్ళు ఎప్పుడో రాసేశారు. రెండోదాంతో మొత్తం అయిపోయింది. మూడోది మొదట రావాల్సింది, అప్పటికి ఇక దానితో పని లేదు.

నేను దాన్ని ఇలా మార్చాను.

మొదటి హింట్: "[-8, -3, -11] అనే లిస్టుని కాగితం మీద రాసి, ఒక్కో సంఖ్యనీ చూస్తూ పెద్దది ఏదో చేత్తో కనుక్కోండి. మొదటి సంఖ్యను చూడగానే మీరు గుర్తుపెట్టుకున్న సంఖ్య ఏది?"

రెండో హింట్: "పోల్చడం మొదలుపెట్టే ముందే 'పెద్దది' అనే వేరియబుల్‌లో ఒక విలువ ఉంటుంది. ఆ విలువ లిస్టులో లేని సంఖ్య అయితే, చివరికి అదే జవాబుగా మిగిలిపోవచ్చు."

మూడో హింట్: "లిస్టులోని మొదటి సంఖ్యను 'పెద్దది'లో పెట్టండి. తర్వాత ఒక్కో సంఖ్యనీ 'పెద్దది'తో పోల్చండి. ఆ సంఖ్య ఎక్కువైతే 'పెద్దది'లో దాన్ని పెట్టండి. లూప్ పూర్తయ్యాక 'పెద్దది'ని రిటర్న్ చేయండి."

మొదటి హింట్ గురించి ఒక మాట. ఆగిపోయేవాళ్ళు రెండు రకాలు: ఎలా మొదలుపెట్టాలో తెలియనివాళ్ళు, రాసిన కోడ్ ఎందుకు తప్పో తెలియనివాళ్ళు. "మీ కోడ్‌కి ఈ లిస్టు ఇచ్చి చూడండి" అని రాస్తే రెండో రకంవాళ్ళకే పనికొస్తుంది, ఇంకా ఒక్క లైను కూడా రాయనివాళ్ళకి అది గోడలా అడ్డం నిలబడుతుంది. చేత్తో చేసి చూడమంటే ఇద్దరికీ పనికొస్తుంది. అందుకే నా మొదటి హింట్లలో సగానికి పైగా కాగితం, పెన్ను కనిపిస్తాయి.

హింట్ రాయడం ఎక్కడ మొదలుపెట్టాలి? జవాబు కోడ్ ముందు పెట్టుకుని రాస్తే సరిపోదా?

సరిపోదు. జవాబు చూస్తూ రాస్తే జవాబునే ముక్కలు చేసి ఇస్తాం. తప్పులు చూస్తూ రాయాలి.

1 నుంచి 5 వరకూ సంఖ్యల్ని కూడే ఎక్సర్‌సైజు తీసుకోండి. జవాబు 15. కొత్తవాళ్ళకి వచ్చే తప్పు అవుట్‌పుట్‌లు గుప్పెడే, ఒక్కోటీ ఒక్కో కథ చెబుతుంది. 10 వచ్చిందంటే రేంజ్(1, 5) అని రాసి ఉంటారు, పైథాన్‌లో రేంజ్ ఆఖరి సంఖ్యను కలుపుకోదు కాబట్టి లూప్ 4 దగ్గరే ఆగింది. రేంజ్(5) అని రాసినా 10 వస్తుంది, ఎందుకంటే అది 0 నుంచి 4 దాకా వెళ్తుంది. 5 వచ్చిందంటే "మొత్తం = 0" అనే లైను లూప్ లోపల పడి, తిరిగిన ప్రతిసారీ మొత్తం చెరిగిపోతోంది, ఆఖరి సంఖ్య ఒక్కటే మిగిలింది. 1 వచ్చిందంటే రిటర్న్ లూప్ లోపల ఉంది, మొదటిసారికే ఫంక్షన్ అయిపోయింది. 1, 3, 6, 10, 15 అని అయిదు లైన్లు వచ్చాయంటే ప్రింట్ లూప్ లోపలికి జరిగింది.

ఇవి చేతిలో ఉంటే హింట్ దానంతటదే వస్తుంది: "15కి బదులు మీకు 1, 5, 10 లలో ఏది వస్తోంది" అని అడగక్కర్లేదు, "లూప్ ఎన్నిసార్లు తిరిగిందో, ప్రతిసారీ మొత్తంలో ఎంత ఉందో ప్రింట్ చేసి చూడండి" అంటే చాలు, ఈ తప్పులన్నీ ఆ ఒక్క పనితో బయటపడతాయి. కనీసం మూడు తప్పు జవాబులు రాసి, రన్ చేసి, ఏమొస్తుందో చూడకుండా నేను హింట్ మొదలుపెట్టను. ఎవరైనా నేర్చుకునేవాళ్ళు నిజంగా రాసిన తప్పులు దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే వాళ్ళు చేసే తప్పులు మనం ఊహించుకునేవాటిలా ఉండవు.

హింట్ ప్రశ్నలా ఉండాలా, చెప్పినట్టు ఉండాలా?

మొదటిది ప్రశ్నలా ఉంటే బాగుంటుంది, మూడోది ప్రశ్నలా అస్సలు ఉండకూడదు. అప్పటికే విసిగిపోయిన మనిషిని ఇంకో ప్రశ్న అడగడం న్యాయం కాదు.

అయితే ఏ ప్రశ్న అయినా సరే, దాని జవాబు కనుక్కోవడానికి చేయదగ్గ పని ఒకటి ఉండాలి. "మీ లూప్ సరిగ్గా ఉందా?" అంటే ఏం చేయాలి? సరిగ్గా ఉందో లేదో తెలిస్తే హింట్ దాకా ఎందుకు వస్తారు. "లూప్ ఆఖరిసారి తిరిగినప్పుడు ఆ వేరియబుల్‌లో ఏ సంఖ్య ఉంది?" అంటే ప్రింట్ చేసి చూడొచ్చు. తేడా అంతే.

హింట్‌లో కోడ్ ఇవ్వొచ్చా?

వేరే ఉదాహరణతో ఇవ్వొచ్చు. లిస్టులో ప్రతి సంఖ్యనీ రెట్టింపు చేసే ఎక్సర్‌సైజు అయితే, రెండో హింట్‌లో ప్రతి పేరు చివరా ఒక చుక్క పెట్టే చిన్న కోడ్ చూపించండి. పద్ధతి కనిపిస్తుంది, కానీ కాపీ చేసి పేస్ట్ చేస్తే పని జరగదు. ఆ ఎక్సర్‌సైజులోని వేరియబుల్ పేర్లు మాత్రం అందులో రాకూడదు.

ఒకే విషయానికి రెండు పేర్లు వాడితే అంత నష్టమా?

అవును, అంతే నష్టం. ఒక హింట్‌లో "లిస్ట్", ఇంకోదాంట్లో "అర్రే", ప్రశ్నలో "జాబితా" అని ఉంటే, మనకి మూడూ ఒకటే అని తెలుసు, నేర్చుకునేవాళ్ళకి అవి మూడు వేరువేరు వస్తువులు. వాళ్ళు నాలుగో వారంలో కూడా "అర్రే ఇంకా నేర్పలేదు కదండీ" అని అడుగుతారు, అది వాళ్ళ తప్పు కాదు. రిటర్న్ చేయడానికీ (ఫంక్షన్ విలువని వెనక్కి ఇవ్వడం) ప్రింట్ చేయడానికీ (స్క్రీన్ మీద చూపించడం) మధ్య ఇది మరీ ప్రమాదం. "జవాబు ఇవ్వాలి", "జవాబు చూపించాలి", "జవాబు పంపాలి" అని తోచినట్టు రాస్తే, ప్రింట్ చేసినా రిటర్న్ చేసినా ఒకటే అన్న అపోహ మన మాటలతోనే మొదలవుతుంది. టెస్ట్ ఫెయిల్ అవుతుంది, స్క్రీన్ మీద చూస్తే సరైన జవాబే కనిపిస్తూ ఉంటుంది, ఇక ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఒక పదాల పట్టిక పెట్టుకోండి. ఎడమపక్క మనం వాడే పదం, కుడిపక్క మనం వాడకూడని పదాలు. నా పట్టిక ఒక పేజీ దాటదు. విలువ, వేరియబుల్, లిస్ట్, స్థానం, ఫంక్షన్, ఆర్గ్యుమెంట్, రిటర్న్, ప్రింట్, షరతు, లూప్, స్ట్రింగ్, ఎర్రర్, ఇంకో పదిహేను ఉంటాయేమో.

తెలుగులో హింట్లు రాసేటప్పుడు టెక్నికల్ పదాల్ని కూడా తెలుగులోకి మార్చాలా?

కోడ్‌లోనూ ఎర్రర్‌లోనూ కనిపించే పదాన్ని అలాగే ఉంచండి, మిగతా వాక్యమంతా హాయిగా తెలుగులో రాయండి. "చలరాశి" అంటే లెక్కల పాఠం గుర్తొస్తుంది, "వేరియబుల్" అంటే స్క్రీన్ మీద ఉన్నది గుర్తొస్తుంది. "ఇఫ్ తర్వాత రాసిన షరతు నిజమైతేనే లోపలి లైన్లు నడుస్తాయి" అనే వాక్యం ఎవరికి అర్థం కాదు?

తెలుగు పదాల్ని ఇన్‌పుట్‌గా ఇచ్చే ఎక్సర్‌సైజులు పెట్టేటప్పుడు మాత్రం ముందు మీరే రన్ చేసి చూసుకోండి. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే పదం కనిపెట్టే ఎక్సర్‌సైజుకి "వికటకవి" కన్నా మంచి ఉదాహరణ ఉండదనిపిస్తుంది. మన కంటికి అందులో అయిదు అక్షరాలు: వి, క, ట, క, వి. పైథాన్‌ని పొడవు అడిగితే 7 అంటుంది, ఎందుకంటే యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే పద్ధతిలో) "వి" అంటే వ ఒకటి, గుడి ఒకటి, రెండు ముక్కలు. స్ట్రింగ్‌ని తిరగేస్తే గుడి ముందుకొచ్చి వ వెనక్కి పోతుంది, పోల్చి చూస్తే "కాదు" అని వస్తుంది. కోడ్ తప్పు లేదు, మనిషి తప్పు లేదు, అయినా టెస్ట్ ఫెయిల్. మొదటి వారంలో ఉన్నవాళ్ళకి ఇది హింట్‌తో దాటే అడ్డంకి కాదు, కాబట్టి అక్కడ గుణింతం లేని "కటక" లాంటి మాట ఇవ్వండి, యూనికోడ్ పాఠం వచ్చినప్పుడు "వికటకవి"ని ప్రత్యేకంగా ఒక ఎక్సర్‌సైజుగా పెట్టండి, చాలా బాగుంటుంది.

హింట్‌లో ఇంకా నేర్పని విషయం చెప్పొచ్చా?

వద్దు. "పెద్ద సంఖ్యని నేరుగా ఇచ్చే మాక్స్ ఫంక్షన్ కూడా ఉంది" అని అయిదో ఎక్సర్‌సైజు హింట్‌లో రాస్తే, లూప్ నేర్పడానికి పెట్టిన ఎక్సర్‌సైజు కాస్తా ఆ ఒక్క పదంతో అయిపోతుంది. పదాల పట్టిక పక్కనే ఇంకో పట్టిక ఉంచుకోండి: ఏ ఎక్సర్‌సైజు నాటికి ఏమేం నేర్పాం అని. హింట్‌లోని ప్రతి మాటా ఆ పట్టికలో ఉండాలి.

అలాగే "కిందటి ఎక్సర్‌సైజులో చేసినట్టే చేయండి" అని రాయకండి. నేను ఒకసారి ఒక సెట్ మొత్తం అలా రాశాను, కొన్నాళ్ళకి ఎక్సర్‌సైజుల వరస మార్చాల్సి వచ్చింది, స్ట్రింగ్ ఎక్సర్‌సైజుకి ముందు భాగహారం ఎక్సర్‌సైజు వచ్చి కూర్చుంది. అయినా ఆ హింట్ "కిందటిదానిలాగే" అంటోంది. అది గమనించేసరికి ఎంతమంది దాన్ని చదివి తమకే అర్థం కావట్లేదేమో అని బాధపడ్డారో. చేసిన పని పేరు రాయండి: "లిస్టులో సంఖ్యల్ని లెక్కపెట్టినప్పుడు వాడిన పద్ధతి".

ప్రశ్నలో చెప్పాల్సింది హింట్‌లో పెట్టొచ్చా?

ఇది చాలామంది చేసే పొరపాటు. లీప్ సంవత్సరం ఎక్సర్‌సైజే చూడండి. 4తో భాగించబడే సంవత్సరం లీప్ సంవత్సరం, కానీ 100తో భాగించబడితే కాదు, మళ్ళీ 400తో భాగించబడితే అవును. అందుకే 1900 లీప్ సంవత్సరం కాదు, 2000 అవును. ఈ నియమం ప్రశ్నలోనే పూర్తిగా ఉండాలి. అది క్యాలెండర్ గురించిన జ్ఞానం, ప్రోగ్రామింగ్ కాదు, అది తెలియకపోవడం వల్ల ఎవరైనా హింట్ నొక్కాల్సి వస్తే మనం అడిగిన పరీక్ష వేరు, పెట్టిన పరీక్ష వేరు అయినట్టు. హింట్ చెప్పాల్సింది షరతుల వరస గురించి: "1900కి మీ కోడ్‌లో ఏ షరతు ముందు నిజమవుతోంది?"

ఎర్రర్ మెసేజ్‌ని హింట్‌లో రాయాలా?

ఎర్రర్ రకం పేరు రాయండి, మెసేజ్ మొత్తం కాపీ చేయకండి, వెర్షన్ మారితే మెసేజ్ మారిపోతుంది. 2021లో వచ్చిన పైథాన్ 3.10లో చాలా మెసేజ్‌లు మారాయి. అంతకుముందు ఇఫ్ లైను చివర కోలన్ మర్చిపోతే "ఇన్వాలిడ్ సింటాక్స్" అని ఊరుకునేది, ఇప్పుడు కోలన్ కావాలని నేరుగా చెబుతుంది. బ్రాకెట్ మూయకపోతే పాత వెర్షన్లు చాలాసార్లు తర్వాతి లైనుని చూపించేవి, కొత్తవి ఆ బ్రాకెట్‌నే చూపిస్తాయి. పాత మెసేజ్‌ని అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టిన హింట్లు ఆ రోజుతో పాతబడ్డాయి.

ఇంకా ముఖ్యమైనది, ఎర్రర్‌ని చదవడం నేర్పే హింట్ రాయండి. "ఎర్రర్‌లో ఆఖరి లైను ముందు చదవండి, తర్వాత ఎర్రర్‌లో చెప్పిన లైను నంబర్‌కి వెళ్ళండి, ఆ లైనులో తప్పు కనిపించకపోతే దాని పై లైను చూడండి" అని రాస్తే, ఆ సాయం ఈ ఒక్క ఎక్సర్‌సైజుతో అయిపోదు.

"ఇది చాలా సులభం" అని ధైర్యం చెబితే మంచిదే కదా?

కాదు. సులభమని చెప్పిన పని రాకపోతే మనిషి ఇంకా కుంగిపోతాడు. "ఊరికే", "జస్ట్", "అందరికీ తెలిసినట్టే" అన్నీ తీసేయండి.

ఒకే ఎక్సర్‌సైజుని రెండు మూడు రకాలుగా చేయొచ్చు. ఏ దారికి హింట్ రాయాలి?

మొదటి హింట్ ఏ దారిలో వెళ్ళేవాళ్ళకైనా పనికిరావాలి. రెండు, మూడు హింట్లు ఒకే దారిని పట్టుకోవాలి, ఆ దారి పాఠంలో నేర్పినదై ఉండాలి. స్ట్రింగ్‌ని తిరగేయడానికి వెనకనుంచి లూప్ వేయొచ్చు, ముందునుంచి ఒక్కో అక్షరాన్ని తీసి ఫలితానికి ముందు తగిలించొచ్చు, స్లైస్‌తో ఒక్క లైనులో కూడా చేయొచ్చు. రెండో హింట్‌లో మొదటి దారి, మూడోదాంట్లో రెండో దారి చెబితే, సగం కట్టిన గోడని కూల్చి మళ్ళీ మొదలుపెట్టమన్నట్టు ఉంటుంది. రెండో హింట్ మొదట్లోనే "లూప్‌తో చేసే పద్ధతి ఇది, మీది వేరే పద్ధతి అయినా పర్వాలేదు" అని ఒక ముక్క పెడితే, వేరే దారిలో ఉన్నవాళ్ళు కంగారుపడరు.

పైథాన్‌కి రాసిన హింట్లని జావాకో జావాస్క్రిప్ట్‌కో మార్చుకోవచ్చా?

మొదటి హింట్లు చాలావరకు అలాగే పనికొస్తాయి. మిగతావి మళ్ళీ రాయాల్సిందే, ఎందుకంటే తప్పులే మారిపోతాయి. లిస్టు చివర దాటి చదివితే పైథాన్ ఇండెక్స్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. జావాస్క్రిప్ట్‌లో ప్రోగ్రాం ఆగదు, "అన్‌డిఫైన్డ్" వస్తుంది, అది ఇంకెక్కడో కూడికలో కలిసి వేరే లైనులో వింత ఫలితంగా తేలుతుంది. సీ భాషలో ఏం జరుగుతుందో భాష హామీయే ఇవ్వదు. పైథాన్‌లో రెండు స్ట్రింగుల్ని == తో పోలిస్తే లోపలి అక్షరాల్ని పోలుస్తుంది, జావాలో అదే గుర్తు రెండూ ఒకే వస్తువా అని చూస్తుంది, అక్షరాల్ని పోల్చడానికి ఈక్వల్స్ అనే మెథడ్ వాడాలి. స్థానం 0 నుంచి మొదలవుతుందన్నది కూడా అన్ని భాషల్లో నిజం కాదు, లువా, ఆర్, జూలియా 1 నుంచి లెక్కపెడతాయి.

మూడు హింట్లూ టకటకా నొక్కేసేవాళ్ళని ఎలా ఆపాలి?

పూర్తిగా ఆపలేం, నిజం చెప్పాలంటే ఆపాల్సిన అవసరం కూడా ప్రతిసారీ లేదు. మొదటి హింట్ తర్వాత ఒక్కసారైనా కోడ్ రన్ చేస్తేనే రెండోది తెరుచుకునేలా పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. టైమర్ పెట్టడం నాకు నచ్చదు, ఆ నిమిషంలో ఆలోచించరు, ఫోన్ చూస్తారు.

ఇంకోపక్క, ఎంత ఇరుక్కున్నా హింట్ నొక్కనివాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళ గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. హింట్ చూస్తే మార్కులు పోతాయనో, ఓడిపోయినట్టనో అనుకుంటారు. నా మాట అడిగితే హింట్‌కి మార్కులు తగ్గించొద్దు. బటన్ పక్కనే "ఇందులో ఒక ప్రశ్న మాత్రమే ఉంది, జవాబు లేదు" అని రాయండి. అన్ని ఎక్సర్‌సైజుల్లోనూ అది నిజమైతే, నాలుగైదు సార్లు చూశాక వాళ్ళే నొక్కుతారు.

ఏఐతో రాయిస్తే పని త్వరగా అయిపోతుంది కదా?

మొదటి డ్రాఫ్ట్‌కి వాడొచ్చు. కానీ ఒక్కో ఎక్సర్‌సైజు విడివిడిగా ఇచ్చి అడిగితే ఒక్కోసారి ఒక్కో మోతాదులో సాయం వస్తుంది, సరిగ్గా మనం వద్దనుకున్నదే. మొదటి హింట్‌లోనే చాలా ఎక్కువ చెప్పేయడం నేను తరచూ చూస్తున్నాను. అడిగేటప్పుడు పదాల పట్టిక, నేర్పిన విషయాల పట్టిక, మూడు మెట్లలో ఏది ఎంతవరకు చెప్పాలో, మీరు పోగుచేసిన తప్పు జవాబులు, అన్నీ కలిపి ఇవ్వండి. వచ్చిన హింట్‌లో ఏ సంఖ్య కనిపించినా, "ఈ లిస్టుకి ఇది వస్తుంది" అని ఉన్నా, రన్ చేసి చూడకుండా పెట్టకండి.

నలుగురం కలిసి రాస్తున్నాం. అందరిదీ ఒకే తీరులోకి ఎలా తేవాలి?

రూల్స్ పెద్ద డాక్యుమెంట్‌గా రాస్తే ఎవరూ చదవరు. బాగా కుదిరిన రెండు ఎక్సర్‌సైజుల్ని హింట్లతో సహా నమూనాగా పెట్టండి, పైన చెప్పిన రెండు పట్టికలు పెట్టండి, చాలు. తర్వాత ఒకరు రాసిన హింట్లని ఇంకొకరు జవాబు చూడకుండా చదివి, హింట్ల సాయంతోనే ఆ ఎక్సర్‌సైజు చేయాలి. ఎక్కడ ఆగారో అక్కడ గుర్తుపెట్టాలి. ఒక మనిషి సగటున ఎక్కువ చెప్పేస్తాడు, ఇంకొకరు దాచుకుంటారు, రెండు మూడు వారాల్లో ఎవరి అలవాటు ఏంటో బయటపడుతుంది, ఆ తర్వాత సర్దుకోవడం కష్టం కాదు.

హింట్ పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

హింట్ చూసిన తర్వాత వాళ్ళ కోడ్‌లో ఏం మారిందో చూడండి. మొదటి హింట్ చూసినవాళ్ళలో ఎక్కువమంది కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకుండా రెండోదానికి వెళ్తున్నారంటే, మొదటిది దండగ. రెండోది చూసి అందరూ ఒకే లైను, అవే పేర్లతో రాస్తున్నారంటే, అది హింట్ కాదు, జవాబు ఇచ్చేశారు.

ఇవి చూసే సౌకర్యం లేకపోతే ఒక్క మనిషి పక్కన కూర్చోండి. మాట్లాడకండి, అది చాలా కష్టం, అయినా మాట్లాడకండి. హింట్ చదివాక వాళ్ళ చెయ్యి కీబోర్డ్ మీదికి వెళ్తోందా, కళ్ళు మళ్ళీ హింట్ మొదటికే వెళ్తున్నాయా గమనించండి. రెండోసారి చదువుతున్నారంటే వాక్యం బాగోలేదు. మూడోసారి చదువుతున్నారంటే అందులో వాళ్ళకి తెలియని పదం ఉంది.

పాత ఎక్సర్‌సైజులు వందకి పైగా ఉన్నాయి, ఒక్కోదాని హింట్లు ఒక్కో రకం. ఎక్కడ మొదలుపెట్టను?

అన్నిటినీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో వేయండి, ఒక్కో ఎక్సర్‌సైజుకి ఒక వరస, మూడు హింట్లకి మూడు నిలువు వరసలు. ఇప్పుడు అడ్డంగా చదవకండి, నిలువుగా చదవండి: ముందు అన్ని ఎక్సర్‌సైజుల మొదటి హింట్లూ ఒకేసారి వరసగా. విడివిడిగా చూసినప్పుడు కనిపించని తేడాలన్నీ అప్పుడు కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, ఇక్కడ ప్రశ్న, ఇక్కడ కోడ్, ఇక్కడ "బాగా ఆలోచించండి" తప్ప ఏమీ లేదు అని. ఎక్కువ చెప్పేసినవాటికి ఒక రంగు, ఏమీ చెప్పనివాటికి ఒక రంగు వేయండి.

దిద్దడం మాత్రం మొదటి పది ఎక్సర్‌సైజులతో మొదలుపెట్టండి, హింట్ అంటే ఏంటో నేర్చుకునేవాళ్ళకి అలవాటయ్యేది అక్కడే. ఆ పదింటి మొదటి హింట్లు ముందు, తర్వాత మూడోవి, ఆఖర్న రెండోవి. ఈ చివరా ఆ చివరా ఎంత చెప్పాలో తేలితే మధ్యది ఎంత చెప్పాలో వెతుక్కోనక్కర్లేదు.